అరటిపండులోని ఆక్సీకరణ నిరోధకాలు

అరటికాయ కూరకు తరిగిన ముక్కలను మజ్జిగ కలిపిన నీటిలో వేయడం మన ఇండ్లలో అందరికీ తెలిసిన అలవాటే. కారణమడిగితే "లేకుంటే నల్లబడతాయి" అంటారు పెద్దలు. ఆ నలుపు ఎక్కడిది? ఈ చిన్న ప్రశ్నను పట్టుకొని వెళితే అరటిలోని ఆక్సీకరణ నిరోధకాల వద్దకే చేరుతాము.

అరటి కణంలో ఫినాల్ జాతి పదార్థాలు ఒకచోట, వాటిపై పనిచేసే ఎంజైము వేరొకచోట ఉంటాయి. కత్తి పడగానే మధ్యనున్న పొరలు తెగి రెండూ కలుస్తాయి. గాలిలోని ఆక్సిజన్ తోడవుతుంది. ఫినాల్ క్వినోనుగా మారుతుంది. క్వినోనులు ఒకదానితోనొకటి పెనవేసుకొని మెలనిన్ అనే నల్లని వర్ణకమవుతాయి. అరటిలో ఇట్లు మారే ముఖ్యపదార్థం డోపమైన్ అని 1959లో గ్రిఫిత్స్ అనే శాస్త్రజ్ఞుడు గుర్తించాడు. మన మెదడులో నాడీకణాల మధ్య వార్తలు మోసేదీ ఈ డోపమైనే.

మేము ప్రయోగశాలలో మూడు అరటికాయ ముక్కలు తీసుకొని ఒకదానిని ఊరక వదలి, రెండవదానిని నిమ్మరసంలో ముంచి, మూడవదానిని మరుగునీటిలో ఉడికించి చూచాము. మొదటిది మాత్రమే నల్లబడింది. నిమ్మరసంలోని ఆమ్లం ఎంజైమును మందగింపజేస్తుంది; అందులోని విటమిన్ సి క్వినోనును తిరిగి ఫినాల్‌గా మారుస్తుంది. మరుగునీరు ఎంజైమునే నశింపజేస్తుంది. మజ్జిగ రహస్యం కూడ దాని ఆమ్లమే.

ఆక్సిజన్‌కు ఇంత త్వరగా లొంగే గుణమే డోపమైన్‌ను ఆక్సీకరణ నిరోధకంగా చేస్తున్నది. చురుకైన ఆక్సిజన్ రూపాలకు అది తన ఎలక్ట్రానును ముందుగా సమర్పించి, తాను ఆక్సీకరణం చెంది, పక్కనున్న కొవ్వులను, మాంసకృత్తులను కాపాడుతుంది. 2000లో జపాను శాస్త్రజ్ఞులు కనజావా, సకకిబారాలు కావెండిష్ అరటిని పరీక్షించారు. నూరు గ్రాముల తొక్కలో 80 నుండి 560 మిల్లీగ్రాముల డోపమైన్ ఉండగా, గుజ్జులో ఉన్నది 2.5 నుండి 10 మిల్లీగ్రాములే. పరీక్షనాళికలో దాని శక్తి విటమిన్ సికి సాటివచ్చింది. అనగా మనము తినేదానికంటె పారవేసేదే సంపన్నం! ఇది విని మా తరగతిలో ఒకరు తొక్కనే తిందామన్నారు. పురుగుమందు అంటిన తొక్క జోలికి పోరాదని మా అభిప్రాయం.

అరటిపండు తింటే డోపమైన్ మెదడుకు చేరి ఉల్లాసం కలుగుతుందని కొందరు వ్రాస్తున్నారు. అది పొరపాటు. రక్తంలోని డోపమైన్ మెదడును కాపాడే అవరోధాన్ని దాటలేదు. పార్కిన్‌సన్ రోగులకు వైద్యులు డోపమైన్ బదులు, ఆ అవరోధాన్ని దాటగల లెవోడోపాను ఇచ్చేది ఇందుకే. విటమిన్ సి విషయంలోనూ అరటి గొప్పది కాదు. నూరు గ్రాములకు సుమారు 9 మిల్లీగ్రాములు. జామలో 200కు పైగా ఉంటుంది.

వసతిగృహాలలో నల్లచుక్కలు పడిన పండ్లను కుళ్ళినవని పారవేయడం మేము తరచు చూస్తున్నాము. తొక్క మీది ఆ చుక్కలు పైన చెప్పిన మార్పుకు గుర్తులే. లోపలి గుజ్జు నీరుకారక, పులిసిన వాసన లేక ఉంటే ఆ పండును నిరభ్యంతరంగా తినవచ్చు.