సరిహద్దు దాటు రక్షణ

మన సోంపేట పూర్వము మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాము జిల్లాలో నుండెను. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు ఆ జిల్లా రెండుగా చీలెను. బరంపురము ఆవలికి బోయెను. ఇచ్ఛాపురము, సోంపేట, టెక్కలి యీవల నిలిచి విశాఖపట్టణము జిల్లాలో జేరెను. 1950లో శ్రీకాకుళము జిల్లా యేర్పడెను. భూమిపై గీత పడెను గాని బంధుత్వములు తెగలేదు. నేటికిని మన యాడపడుచులు ఆ వైపునకు, ఆ వైపువారు మన యిండ్లకు కోడండ్రగుచున్నారు.

అట్టి స్త్రీ యొకతె అత్తవారింట హింస కోర్వలేక సరిహద్దు దాటి పుట్టినింటికి వచ్చెననుకొందము. “నేరము మా యెల్లలో జరుగలేదు, అచ్చటికే పొమ్ము” అనుట, ఆమెను కొట్టినవారి యొద్దకే మరల పంపుట గాదా? దీనిని మాన్పుటకు మన న్యాయము మూడు మార్గములను చూపుచున్నది.

మొదటిది ఫిర్యాదు. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షను ననుసరించి, వారంటు లేకయే అరెస్టు చేయదగిన నేరము ఎచ్చట జరిగినను, ఏ పోలీసు స్టేషనులోనైనను ఫిర్యాదును గైకొనవలెను. దానికి సున్న సంఖ్య వేసి తగిన స్టేషనునకు పంపుదురు గనుక జీరో ఎఫ్.ఐ.ఆర్. అని పేరు. దాని ప్రతిని ఉచితముగ నియ్యవలెను.

రెండవది విచారణస్థలము. భర్తయు, అతని బంధువులును చేసిన క్రూరత్వమును గూర్చి, భార్య తాను తలదాచుకొనిన చోటనే కేసు నడపవచ్చునని 2019 ఏప్రిల్ 9న సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. ఇల్లు విడిచినను మనస్సునకు తగిలిన గాయము ఆమె వెంట వచ్చుననుట యిందలి న్యాయము.

మూడవది రక్షణాజ్ఞ. 2005వ సంవత్సరపు గృహహింస చట్టము ప్రకారము, బాధితురాలు తాత్కాలికముగ నివసించు తావుననే మేజిస్ట్రేటు నాశ్రయింపవచ్చును. ఆయన యాజ్ఞ భారతదేశమంతట చెల్లును. దానిని మీరిన వానికి ఒక సంవత్సరము వరకు ఖైదుగాని, 20,000 రూపాయల వరకు జుల్మానాగాని, రెండునుగాని విధింపవచ్చును.

ఐరోపా సమాఖ్యయు 2011లో ఇట్టి శాసనమునే చేసెను. ఒక దేశమున పొందిన రక్షణాజ్ఞను ఆధారముగ జేసికొని, బాధితులు దానికి లోబడిన మరియొక సభ్యదేశమునందును రక్షణ కోరవచ్చును. మన యాజ్ఞకు విదేశములలో అట్టి బలము తనంతట రాదు. అయినను భారతపౌరుడు విదేశమున చేసిన నేరమును, కేంద్రప్రభుత్వపు అనుమతితో, ఇచ్చటనే విచారింపవచ్చును.

తలిదండ్రులారా! ఏడ్చుచు గుమ్మము త్రొక్కిన కుమార్తెను “సర్దుకొమ్ము” అని మరునాటి బండికే యెక్కింపకుడు. 112, 181 అను సంఖ్యలకు ఫోను చేయుడు. స్త్రీల కెంత యాదాయమున్నను 1987వ సంవత్సరపు చట్టముచే న్యాయసహాయము ఉచితము. ఎల్లలు పరిపాలనా సౌకర్యమునకై యేర్పడినవి. ఆపదలోనున్న వారిని ఆపుటకు గాదు.