మంచి సూక్ష్మజీవులు: పెరుగు గిన్నె నుంచి మందుల షాపు దాకా

సూక్ష్మజీవి అనగానే మనకు జబ్బే గుర్తుకొస్తుంది. అందుకే బడిలో ఆ పాఠం మొదలుపెట్టే రోజు మేము రెండు గ్లాసుల్లో కాచి చల్లార్చిన గోరువెచ్చని పాలు తెప్పిస్తాము. ఒకదానిలో చెంచా పెరుగు తోడు వేస్తాము. రెండోదానిలో అదే పెరుగును మరగబెట్టి, చల్లార్చి వేస్తాము. మరునాటి పొద్దుటికి మొదటి గ్లాసు పెరుగవుతుంది, రెండోది పాలుగానే ఉంటుంది. తోడులో ప్రాణమున్నవేవో ఉన్నాయనీ, మరగబెడితే అవి చనిపోతాయనీ పిల్లలకు ఇక వేరే చెప్పనక్కరలేదు.

ఈ జీవుల పేరుతో ఇప్పుడు మందుల షాపుల్లో పొడులు, గొట్టాలు అమ్ముతున్నారు. వాటిని ప్రోబయోటిక్స్ అంటారు. పల్లెల్లో పిల్లలకు విరేచనాలు పట్టుకున్నప్పుడు ఇవ్వడానికి ఆ పొడి ప్యాకెట్లు కొనిపెడతామని మన దాతలు కొందరు అడిగారు. ఆ ప్రశ్నకు జవాబుగానే ఈ వ్యాసం రాస్తున్నాము.

పాలు పులియడానికి సూక్ష్మజీవులే కారణమని 1857లో లూయీ పాశ్చర్ చూపించాడు. ఇవి పాలలోని చక్కెరను లాక్టిక్ ఆమ్లంగా మారుస్తాయి. ఆ పులుపుకు పాలు గడ్డకడతాయి. పులుపులో చాలా చెడ్డ క్రిములు పెరగలేవు. పేగులో కూడా మంచి జీవులు చోటును, ఆహారాన్ని ముందే ఆక్రమించి చెడ్డవాటికి అడ్డుపడతాయి.

అయితే పులిసినదల్లా ప్రోబయోటిక్ కాదు. 2001లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థల నిపుణులు మూడు షరతులు చెప్పారు. ఆ జీవులు బతికి ఉండాలి, తగినన్ని ఉండాలి, వాటివల్ల ఆరోగ్యానికి మేలు కలగాలి. మొదటి షరతును మన ఇంటి వంటతోనే చూద్దాం. బిర్యానీ మాంసానికి పట్టించి ఉడికించిన పెరుగులో అవి బతకవు, పక్కన వడ్డించే పెరుగుపచ్చడిలో బతికి ఉంటాయి. వేడివేడి ఇఫ్తార్ గంజిలో ఉండవు, సహరీలో తినే పెరుగులో ఉంటాయి. మన బైరెడ్డిపల్లె వైపు మిగిలిన రాగి సంగటిలో రాత్రి నీళ్లు పోసి, పొద్దున మజ్జిగ, ఎర్రగడ్డ కలుపుకుని తాగుతారు. అందులోనూ ఉంటాయి. ఇవన్నీ మంచి ఆహారమే. కానీ ఏ రకం జీవులు, ఎన్ని ఉన్నాయో ఇంటింటికీ మారుతుంది. కడుపులోని ఆమ్లాన్ని తట్టుకుని అన్నీ పేగుదాకా చేరవు కూడా. కనుక వీటిని మందుగా లెక్కపెట్టలేము.

ఈ జీవుల కథలో మన తెలుగువాడు ఒకరున్నారు. 1895లో భీమవరంలో పుట్టిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారి అన్న స్ప్రూ అనే పేగు జబ్బుతో చనిపోయారు. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం ఒక విటమిన్ కోసం వెతికింది. దాన్ని కొలవడానికి అప్పట్లో లాక్టోబాసిల్లస్ కేసీ అని పిలిచిన బాక్టీరియాను వాడారు. అది పెరుగులోని జీవులకు చుట్టమే. ఆ విటమిన్ లేనిదే అది పెరగదు కనుక, ఎంత పెరిగిందో చూసి విటమిన్ ఎంతుందో లెక్కకట్టేవారు. ఆ విటమినే ఫోలిక్ ఆమ్లం. దాన్ని 1945లో కృత్రిమంగా తయారుచేశారు. అది స్ప్రూ రోగులకు మందయింది. నేడు గర్భిణులకు ఇచ్చే ఐరన్ మాత్రలో కూడా అది ఉంటుంది. 1948లో అదే ప్రయోగశాల నుంచి ఆరియోమైసిన్ అనే యాంటీబయోటిక్ వచ్చింది. ఇటువంటి మందులు ఎన్నో ప్రాణాలు కాపాడాయి. కానీ అవి చెడ్డ క్రిములతోపాటు మంచివాటినీ చంపుతాయి. యాంటీబయోటిక్ వాడిన కొందరికి విరేచనాలు పట్టుకోవడానికి కారణమిదే. అటువంటప్పుడు కొన్ని రకాల ప్రోబయోటిక్స్ ఉపయోగపడతాయని పరీక్షల్లో తేలింది.

మిగతా చోట్ల ఫలితాలు ఒకే తీరుగా లేవు. మన పొరుగునున్న ఒడిశా పల్లెల్లో 4,556 మంది నవజాత శిశువులపై జరిగిన పరీక్ష 2017లో వెలువడింది. లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్ అనే రకాన్ని దాని ఆహారంతో కలిపి వారం రోజులు ఇచ్చారు. రక్తంలో ఇన్ఫెక్షన్ లేదా మరణం, ఇవ్వనివారిలో నూటికి 9 ఉంటే ఇచ్చినవారిలో 5.4 మాత్రమే. ఆ తర్వాతి ఏడాది అమెరికా, కెనడాల్లో విరేచనాలతో ఆసుపత్రికి వచ్చిన పిల్లలకు వేరే రకాలు ఇచ్చి చూస్తే ఏ మేలూ కనబడలేదు. కనుక ప్యాకెట్ మీద ప్రోబయోటిక్ అని ఉంటే చాలదు, ఏ రకం, ఏ జబ్బుకు అన్నది ముఖ్యం. నెలలు నిండకుండా పుట్టిన శిశువులకు, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారికి ఇవి హాని కూడా చేయవచ్చు. డాక్టరును అడగకుండా ఇవ్వరాదు.

ఇక్కడ మా తప్పొకటి చెప్పుకోవాలి. కొన్నేళ్ల క్రితం మా బడి పిల్లవాడి తల్లి, చిన్నోడికి విరేచనాలు ఆగడం లేదని మమ్మల్ని అడిగితే, "పెరుగన్నం పెట్టమ్మా, తగ్గిపోతుంది" అన్నాము. నీళ్ల మాట చెప్పలేదు. నీళ్లు తాగితే ఇంకా ఎక్కువవుతాయని ఆమె భయపడి, బిడ్డకు పెరుగన్నం తప్ప ఏమీ ఇవ్వలేదు. మరునాటికి బిడ్డ కళ్లు గుంటలు పడి సోలిపోయాడు. ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించాక కోలుకున్నాడు. విరేచనాల్లో ప్రాణం తీసేది ఒంట్లో నీరు, ఉప్పు పోవడం. పెరుగు ఎంత మంచిదైనా ఆ నీటికి బదులు కాదు.

అందుకని దాతలకు మా మనవి. పొడి ప్యాకెట్ల డబ్బుతో ఓఆర్ఎస్ ప్యాకెట్లు, జింకు మాత్రలు కొనివ్వండి. లీటరు ఓఆర్ఎస్ ప్యాకెట్‌ను లీటరు శుభ్రమైన నీటిలోనే పూర్తిగా కలపాలి. ఆరు నెలలు దాటిన పిల్లలకు రోజుకు 20 మిల్లీగ్రాముల జింకు 14 రోజులు ఇవ్వాలి. తల్లిపాలు, అన్నం ఆపకూడదు. బిడ్డ తాగలేకపోయినా, మూత్రం ఆగినా, విరేచనంలో రక్తం పడినా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. ప్యాకెట్ ఇచ్చేటప్పుడు తల్లికి ఈ నాలుగు మాటలు కూర్చోబెట్టి చెప్పగలవారు కూడా కావాలి. ఆ పనికి మేము సిద్ధంగా ఉన్నాము. వీలుంటే చదువుకునే పిల్లల భోజనంలో రోజూ ఒక గరిటె పెరుగు చేర్చండి. దాన్ని మందని కాక, మంచి తిండి అని పెడదాం.