ఒకేసారి పది పనులు: కంప్యూటరుకు నేర్పడం ఎలా?

 

మనం కంప్యూటరు గదిలో స్క్రాచ్ నేర్చుకుంటున్నాం కదా. అమెరికాలోని ఎం.ఐ.టి. మీడియా ల్యాబ్‌లో మిచెల్ రెస్నిక్ గారి బృందం తయారుచేసి 2007లో అందరికీ ఉచితంగా ఇచ్చిన సాఫ్ట్‌వేరు ఇది. రంగురంగుల బ్లాకులు ఒకదాని కింద ఒకటి అతికిస్తే ప్రోగ్రాం అయిపోతుంది. పిల్లిని నడిపించడం, మ్యావ్ అనిపించడం మనలో చాలామందికి వచ్చు. అయితే ఇదే స్క్రాచ్‌తో ఒక పెద్ద పాఠం కూడా నేర్చుకోవచ్చు. దాని పేరు సమాంతర గణనం, అంటే పారలల్ కంప్యూటింగ్. ఒక పెద్ద పనిని ముక్కలు చేసి, చాలా ప్రాసెసర్లతో ఒకేసారి చేయించడమే ఇది.

ఇది మనకెందుకు అని అడగవచ్చు. వాతావరణం లెక్కలు, తుపాను ఎటు పోతుందన్న లెక్కలు ఒక్క ప్రాసెసరుతో వేస్తే జవాబు వచ్చేలోపు తుపానే వచ్చిపోతుంది! అందుకే ముక్కలు చేయాలి. విజయ్ భట్కర్ గారి నాయకత్వంలో పూణేలోని సీడాక్ సంస్థ 1991లో తయారుచేసిన పరమ్ 8000 సూపర్ కంప్యూటరు కూడా చిన్న చిన్న ప్రాసెసర్లను కలిపి పనిచేయించిందే.

మొదట ఒక తేడా తెలుసుకోవాలి

వంటగదిలో ఒకే వంటామె ఉంది, పొయ్యిలు మూడు ఉన్నాయి అనుకోండి. అన్నం ఉడికేలోపు పప్పు కలుపుతుంది, పప్పు ఉడికేలోపు కూర తిప్పుతుంది. చూసేవాళ్ళకు మూడూ ఒకేసారి అవుతున్నట్టే ఉంటుంది. కానీ చేతులు రెండే. స్క్రాచ్ ఇలాంటిదే. పచ్చ జెండా నొక్కితే అన్ని బొమ్మలూ కలిసి కదిలినట్టు కనిపిస్తాయి గాని, లోపల స్క్రాచ్ ఒక్కో బొమ్మ పని కొంచెం కొంచెంగా వంతులవారీగా చేస్తుంది. ముగ్గురు వంటామెలు మూడు పొయ్యిల దగ్గర నిలబడితే అది నిజమైన సమాంతరం. అయినా రెండింటిలో వచ్చే చిక్కులు చాలావరకు ఒకటే. అందుకే మన పాత కంప్యూటరు మీదే వాటిని చూడవచ్చు.

ప్రయోగం 1: ఒకరి తర్వాత ఒకరా, అందరూ కలిసా?

మూడు బొమ్మలు పెట్టండి. సందేశం అందగానే ప్రతి బొమ్మా 4 సెకన్లు ఆగి "అయింది" అనాలి. ముందు "బ్రాడ్‌కాస్ట్ అండ్ వెయిట్" బ్లాకుతో ఒక్కో బొమ్మకు వేరు వేరు సందేశం వరసగా పంపండి. టైమరు 12 సెకన్లు దాటుతుంది. తర్వాత మూడు బొమ్మలకూ ఒకే సందేశం పంపండి. 4 సెకన్లు దాటగానే అయిపోతుంది. ఇక్కడ ఉన్నది ఆగే పని కాబట్టి ఒక్క ప్రాసెసరుతోనే సమయం మిగిలింది. అదే కష్టమైన లెక్కలయితే ప్రాసెసర్లు కూడా ఎక్కువ కావాలి.

ప్రయోగం 2: గుడ్ల లెక్క

ఇదే అన్నిటికంటే ముఖ్యం. "గుడ్లు" అనే వేరియబుల్ అన్ని బొమ్మలకూ ఉమ్మడిగా పెట్టండి. స్టేజీ మీద దాన్ని 100 చేసి, తర్వాత "మొదలు" అని సందేశం పంపండి. రెండు బొమ్మలుండాలి. ఒక్కోదానికి "నా లెక్క" అనే సొంత వేరియబుల్ ఉండాలి. సందేశం అందగానే ప్రతి బొమ్మా చేయాల్సింది ఇది:

1. గుడ్లు ఎన్నో చూసి "నా లెక్క"లో రాసుకోవాలి.
2. 1 సెకను ఆగాలి.
3. "నా లెక్క"లోంచి 10 తీసేసి, వచ్చింది "గుడ్లు"లో రాయాలి.

ఇద్దరూ పదేసి తీశారు. 80 మిగలాలి. కానీ తెర మీద 90 వస్తుంది! ఎందుకంటే ఇద్దరూ 100 అనే చూశారు, ఇద్దరూ 90 అనే రాశారు. ఒకరి రాత మీద ఇంకొకరి రాత పడి మొదటిది పోయింది. దీన్ని రేస్ కండిషన్ అంటారు.

తెర మీద అయితే నవ్వుకుంటాం. ఇదే స్టాకు రిజిస్టరులో జరిగితే? పుస్తకంలో 90, ట్రేలలో 80. పుస్తకం చూసి 90 మందిని కూర్చోబెడితే పదిమందికి గుడ్డు రాదు. ఆ పదిమంది ఎవరో మనకు తెలుసు. వరసలో చివర కూర్చునే మూడో తరగతి పిల్లలే. బ్యాంకులో, రైలు టిక్కెట్ల దగ్గర కూడా లెక్క ఇలాగే తప్పవచ్చు. అందుకే కంప్యూటరు చదివినవాళ్ళు దీనికి అంత భయపడతారు.

విరుగుడు: తాళం

మన ఊళ్ళలో ఇద్దరు ఆడవాళ్ళు ఒకే రోట్లో దంచడం చూసే ఉంటారు. ఒకరి రోకలి లేచినప్పుడే రెండోవాళ్ళ రోకలి పడుతుంది. ఎప్పుడూ ఢీకొనవు. రోలు ఒకటే కాబట్టి వంతు ఉండాలి.

స్క్రాచ్‌లో "తాళం" అనే ఉమ్మడి వేరియబుల్ పెట్టి, సందేశం పంపకముందే 0 చేయండి. ప్రతి బొమ్మా ముందు "తాళం 0 అయ్యేవరకు ఆగు" అనాలి, వెంటనే తాళం 1 చేయాలి, పైన చెప్పిన మూడు పనులూ చేసి, మళ్ళీ 0 చేయాలి. ఇప్పుడు 80 వస్తుంది. ఒక సెకను ఎక్కువ పడుతుంది గాని లెక్క సరిపోతుంది. నిజంగా రెండు ప్రాసెసర్లు ఉన్నచోట తాళం చూడడం, వేయడం మధ్యలో ఇంకొకరు దూరవచ్చు. అందుకని ఆ రెండూ విడిపోకుండా ఒకే దెబ్బలో చేసే ప్రత్యేక ఆజ్ఞలు ప్రాసెసరులోనే ఉంటాయి. ఇలాంటి వంతుల సమస్యకు డచ్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా 1965లోనే పరిష్కారం ప్రచురించారు.

తాళాలు రెండయితే?

వడ్డనకు సాంబారు బకెట్టు, గరిటె రెండూ కావాలి. ఒకడు బకెట్టు పట్టుకుని గరిటె కోసం చూస్తున్నాడు. ఇంకొకడు గరిటె పట్టుకుని బకెట్టు కోసం చూస్తున్నాడు. ఇద్దరూ వదలరు. పంక్తి అంతా ఆకలితో కూర్చోవాలి! దీని పేరు డెడ్‌లాక్. విరుగుడు తేలిక. ఎవరైనా సరే ముందు బకెట్టే తీసుకోవాలి, తర్వాతే గరిటె అని నియమం పెడితే చాలు.

ఎంతమంది ఉంటే అంత తొందరా?

కాదు. మైదానం శుభ్రం చేయడం ఒక్కడికి 60 నిమిషాల పని అనుకుందాం. అందులో 10 నిమిషాలు చీపుళ్ళు తేవడం, తాళం తీయడం. అవి పంచుకోలేం. మిగిలిన 50 నిమిషాలు పంచుకోవచ్చు. 5గురు చేస్తే 10 + 10 = 20 నిమిషాలు. 50 మంది చేస్తే 10 + 1 = 11 నిమిషాలు. 500 మంది వచ్చినా 10 కంటే తగ్గదు. జీన్ ఆమ్‌డాల్ అనే ఇంజనీరు 1967లో చెప్పిన సూత్రం ఇదే.

వార్డెన్ సారుకు ఒక మనవి. కంప్యూటరు ఒకటే, మేము చాలామంది. ఒక్కడు మౌస్ పట్టుకుంటే మిగతావాళ్ళు చూస్తూ నిలబడుతున్నారు. కరెంటు లేని రోజున ప్రయోగం 2 ను వరండాలో సుద్దముక్కతో, చింతగింజలతో ఆడించవచ్చు. మౌస్ ముట్టనివాళ్ళకు కూడా పాఠం అర్థమవుతుంది. స్టాకు రిజిస్టరు కూడా ఒకసారికి ఒక్కరి చేతిలోనే ఉండేలా చూడాలని కోరుతున్నాను.

ఆలోచించండి:
1. ప్రయోగం 2 లో మూడు బొమ్మలు పెట్టి తాళం వేయకపోతే గుడ్లు ఎన్ని చూపిస్తుంది?
2. ఒక బొమ్మ తాళం తిరిగి 0 చేయడం మానేస్తే రెండో బొమ్మ గతి ఏమిటి?
3. మైదానం పనిలో 10 మంది ఉంటే ఎన్ని నిమిషాలు?

జవాబులు చీటీ మీద రాసి గోడపత్రిక కింద ఉన్న డబ్బాలో వేయండి. సరైన జవాబులు రాసినవారి పేర్లు వచ్చే సంచికలో వేస్తాం.

— 9వ తరగతి విద్యార్థి