తలనొప్పి – వేళల విచారణ

తలనొప్పితో వచ్చినవారిని నేను మొదట అడిగే ప్రశ్న "ఎక్కడ నొప్పి?" అని కాదు, "ఏ వేళకు మొదలవుతుంది? ఏ వేళకు తగ్గుతుంది?" అని.

సుశ్రుత సంహిత ఉత్తరతంత్రంలో శిరోరోగాలు 11 విధాలుగా చెప్పబడ్డాయి. వాటి లక్షణాలలో కాలం కూడా ఒకటి. వాతజమైన నొప్పి రాత్రివేళ తీవ్రమవుతుంది. పిత్తజమైనది చల్లదనం చేతను, రాత్రివేళను శమిస్తుంది. సూర్యోదయంతో మొదలై, ప్రొద్దెక్కిన కొద్దీ హెచ్చి, ప్రొద్దు వాలగా తగ్గేది సూర్యావర్తం. సగం తలను పట్టి, పది దినాలకో, పక్షానికో, ఒక్కొక్కప్పుడు అకస్మాత్తుగానో వచ్చేది అర్ధావభేదకం. దీనినే మనం పార్శ్వపు నొప్పి అంటాము.

ఆధునిక వైద్యం కూడా దీనిని సమర్థిస్తున్నది. మెదడులో హైపోథాలమస్ అనే భాగాన దేహానికొక గడియారం ఉన్నది. వెలుతురును అనుసరించి నిద్రను, దేహోష్ణాన్ని, హార్మోన్లను అది నడుపుతుంది. 2023లో వెలువడిన ఒక సమీక్ష ప్రకారం క్లస్టర్ తలనొప్పి గలవారిలో 71 శాతం మందికి, మైగ్రేన్ గలవారిలో 50 శాతం మందికి నొప్పి రోజులో నియమిత వేళలకే వస్తున్నది. మొదటిది అపరాత్రి నుండి తెల్లవారుజాము వరకు, రెండవది పగటి వేళ అధికం. నుదుటి సైనస్ వాచినప్పుడు ఉదయం పుట్టి, మధ్యాహ్నానికి హెచ్చి, పిమ్మట తగ్గే నొప్పి సూర్యావర్తాన్నే తలపిస్తుంది.

మా కొడవలూరు ప్రాంతంలో రొయ్యల గుంటల వద్ద రాత్రి కాపలా ఉండే యువకుడొకడు నిత్యం తలనొప్పి మాత్రలు మింగేవాడు. నొప్పి వచ్చిన వేళలను నెల రోజులు క్యాలెండరుపై వ్రాయించాను. పగటి నిద్ర తప్పిన రోజులలోనే నొప్పి అధికమని తేలింది. రోజూ ఒకే వేళకు చీకటి గదిలో పడుకొనే నియమం పెట్టగా చాలవరకు ఉపశమించింది.

నా పొరపాటు కూడా చెప్పాలి. ఒక గృహిణికి నిద్ర లేవగానే తలనొప్పి, పదిగంటలకు తగ్గుదల. ప్రాతఃకాలం కఫకాలమని కఫహర చికిత్స చేస్తూ మూడు వారాలు గడిపాను. తరువాత వాంతులు, చూపు మసక కనిపించగా నెల్లూరికి పంపాను. మెదడులో గడ్డ ఉన్నదని పరీక్షలో తేలింది. శస్త్రచికిత్సతో ఆమె బ్రతికింది. వేళ ఒక లక్షణమే గాని, అదే రోగనిర్ణయం కాదని ఆనాడు నేర్చుకున్నాను.

గృహస్థులు పాటించవలసినవి:

1. నొప్పి మొదలైన వేళ, తగ్గిన వేళ, నిద్ర, భోజనం, స్త్రీలైతే బహిష్టు దినాలు ఒక నెలపాటు వ్రాసుకోండి.

2. నిద్రకు, భోజనానికి వేళ తప్పవద్దు. ఉపవాసంతో నొప్పి వచ్చేవారు ఉపవాసం మానడమే మేలు.

3. సామాన్యమైన నొప్పికి శొంఠిని నీటితో అరగదీసి నుదుట పలుచగా పట్టు వేయవచ్చు. మంట పుడితే వెంటనే కడగాలి.

4. నొప్పి మాత్రలు నెలలో 15 రోజులు, కొన్ని రకాలైతే 10 రోజులు వాడినా, ఆ మాత్రలే నిత్య తలనొప్పికి కారణం కావచ్చు.

హఠాత్తుగా వచ్చిన భరింపరాని నొప్పి, జ్వరంతో మెడ బిగుసుకోవడం, కాలుసేతుల పట్టు తప్పడం, మాట తడబడడం, చూపు మందగించడం, ఉదయపు నొప్పితో వాంతులు – వీటిలో ఏది కనిపించినా గృహచికిత్స చేయక, ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళండి. 50 ఏళ్లు దాటాక క్రొత్తగా మొదలైన తలనొప్పికి కూడా వైద్య పరీక్ష అవసరం. వెళ్ళేటప్పుడు వేళలు వ్రాసిన కాగితం వెంట ఉంచుకోండి; ఏ వైద్యునికైనా అది ఉపయోగపడుతుంది.