నడుస్తున్నా బరువు తగ్గడం ఆగిపోయింది!

ప్రశ్న: నా వయసు 38. అన్నం తగ్గించి, రోజూ అరగంట నడుస్తున్నాను. మూడు కిలోలు తగ్గి ఆగిపోయాను. మానేయాలనిపిస్తోంది.
– ఓ గృహిణి, సత్తెనపల్లి

జవాబు: మానకండమ్మా. బరువు తగ్గేకొద్దీ ఒంటికి కావలసిన క్యాలరీలూ తగ్గుతాయి, అందుకే ఆగింది. అన్నం తగ్గించారు సరే, నూనె సంగతి చూశారా? గోంగూర పచ్చడి మీద తేలేది, కారప్పొడిలో కలుపుకునేది కూడా లెక్కే. 15 మిల్లీలీటర్ల నూనెలో సుమారు 120 క్యాలరీలు! అరగంట నడకతో ఖర్చయ్యేది దాదాపు అంతే. వారానికి సరిపడా నూనె కొలిచి విడిగా సీసాలో పోసుకుని, అదే వాడండి. కడుపు మాడ్చుకోకుండా పప్పు, కూరలు, మజ్జిగ పెంచండి. ఎండ ముదరకముందే నడవండి. ఒకరోజు తప్పినా మర్నాడు కొనసాగించండి. బరువు వారానికొకసారి చూసుకుంటే చాలు.

విపరీతమైన నీరసం, నెలసరి తప్పడం, మెడ వాపు ఉంటే డాక్టరును కలిసి థైరాయిడ్, షుగర్ పరీక్షలు చేయించుకోండి. నడకలో ఛాతీనొప్పి వస్తే మాత్రం వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.