చిన్న చెక్క పనికి టేబుల్ రంపం బ్లేడు ఎలా ఎంచుకోవాలి?
పీఎం విశ్వకర్మ లబ్ధిదారులకు పాఠం – వడ్రంగులు, బొమ్మల తయారీదారులు

ఈ పాఠం ఎవరికి?

బొమ్మలు, బండి చక్రాలు, పీటల కాళ్ళు, గాలానికి కట్టే చెక్క చేపలు లాంటి చిన్న వస్తువులు చేసేవాళ్ళకు ఇది. ఇంటి తలుపులు, మంచాలు చేసేవాళ్ళకు పనికొచ్చే బ్లేడు చిన్న పనికి అన్నిసార్లూ పనికిరాదు. చెక్క పాడవుతుంది, చేతికీ ప్రమాదమే.

పథకం గురించి క్లుప్తంగా

పీఎం విశ్వకర్మ 2023 సెప్టెంబరు 17న మొదలైంది. ఇందులో ఉన్న 18 వృత్తుల్లో వడ్రంగం, బొమ్మల తయారీ కూడా ఉన్నాయి. ప్రాథమిక శిక్షణ 5 నుంచి 7 రోజులు. శిక్షణ కాలంలో రోజుకు 500 రూపాయల భృతి ఇస్తారు. పనిముట్లకు 15,000 రూపాయల వరకు ఈ-వోచర్ వస్తుంది. తాకట్టు లేకుండా 5 శాతం వడ్డీకి మొదటి విడత 1 లక్ష రూపాయల వరకు రుణం ఇస్తారు, దాన్ని 18 నెలల్లో తీర్చాలి. రెండో విడత 2 లక్షల వరకు, గడువు 30 నెలలు.

చాలామంది రుణంతో మెషీన్ కొంటారు. బ్లేడు మాత్రం మెషీన్‌తో వచ్చిందే ఏళ్ళ తరబడి వాడతారు. కోత బాగుండాలన్నా, వేళ్ళు భద్రంగా ఉండాలన్నా మెషీన్‌తో పాటు బ్లేడు కూడా సరైనది కావాలి.

1. ముందు ఒక ప్రశ్న: కోత ఏ వైపు?

చెక్కలో నార ఒక వైపుకు పోతుంది. నార వెంట కోస్తే నిలువుకోత. నారకు అడ్డంగా కోస్తే అడ్డకోత. ఈ రెండింటికీ ఒకే బ్లేడు బాగా పనిచేయదు.

నిలువుకోతకు తక్కువ పళ్ళు కావాలి. పళ్ళ మధ్య ఖాళీ పెద్దగా ఉంటేనే పొట్టు బయటికి పోతుంది. పళ్ళు ఎక్కువైతే పొట్టు లోపలే ఇరుక్కుని బ్లేడు వేడెక్కుతుంది, చెక్క అంచు నల్లగా మాడుతుంది.

అడ్డకోతకు ఎక్కువ పళ్ళు కావాలి. పళ్ళు తక్కువైతే నార తెగకుండా చిరుగుతుంది, అంచున పీచు లేస్తుంది. కొండపల్లి, నిర్మల్ బొమ్మలకు వాడే పొనికి చెక్క చాలా తేలిక, మెత్తన. ఏటికొప్పాకలో తరిణి పట్టే అంకుడు కూడా మెత్తని చెక్కే. మెత్తని చెక్కకు అడ్డకోతలో పీచు ఇంకా ఎక్కువ లేస్తుంది. అందుకే పదునైన, పళ్ళు ఎక్కువున్న బ్లేడు తప్పనిసరి.

2. ఎన్ని పళ్ళు?

10 అంగుళాల బ్లేడుకు ఈ లెక్క గుర్తుపెట్టుకోండి:

• నిలువుకోత: 24 నుంచి 30 పళ్ళు
• అడ్డకోత: 60 పళ్ళు, బాగా నునుపు కావాలంటే 80
• ఒకే బ్లేడు కొనగలిగితే: 40 పళ్ళు. రెండు పనులూ ఓ మోస్తరుగా చేస్తుంది.

పల్చటి పలకకు పళ్ళ లెక్క ఎందుకు ముఖ్యం? 10 అంగుళాల బ్లేడు చుట్టుకొలత సుమారు 800 మిల్లీమీటర్లు. 24 పళ్ళుంటే పన్నుకూ పన్నుకూ మధ్య 33 మి.మీ. దూరం. 60 ఉంటే 13 మి.మీ. బ్లేడును పలక కంటే కాస్తే పైకి పెట్టి 12 మి.మీ. పలక కోస్తే, 24 పళ్ళ బ్లేడులో ఒకసారికి దాదాపు ఒక్క పన్నే చెక్కలో ఉంటుంది. అది సుత్తితో కొట్టినట్టు దెబ్బ మీద దెబ్బ వేస్తుంది. 60 పళ్ళ బ్లేడులో రెండు మూడు పళ్ళు కలిసి కోస్తాయి, చెక్క అదరదు.

పళ్ళ కొసలు కూడా చూడండి. కొస చదునుగా ఉంటే నిలువుకోతకు మంచిది, గాడి అడుగు సమంగా వస్తుంది. కొసలు ఒకటి కుడికి, ఒకటి ఎడమకు వాలి ఉంటే అడ్డకోతకు మంచిది.

3. గాటు మందం – పోయే చెక్క మీదే

మామూలు బ్లేడు సుమారు 3.2 మి.మీ. చెక్కను పొట్టు చేస్తుంది. పల్చటి బ్లేడు సుమారు 2.2 మి.మీ. తేడా చిన్నదే అనిపిస్తుంది. కానీ 100 మి.మీ. వెడల్పు పలకను 8 మి.మీ. పట్టీలుగా కోస్తే మామూలు బ్లేడుతో 9 పట్టీలు వస్తాయి, పల్చటి బ్లేడుతో 10 వస్తాయి. రోజూ పట్టీలు కోసేవాళ్ళకు ఇది లాభమే.

జాగ్రత్త: టేబుల్ రంపంలో బ్లేడు వెనక నిలబడి ఉండే రేకు, కోసిన చెక్క మళ్ళీ మూసుకుని బ్లేడును పట్టేయకుండా ఆపుతుంది. ఆ రేకు గాటు కంటే పల్చగా, బ్లేడు ఒంటి కంటే మందంగా ఉండాలి. పల్చటి బ్లేడుకు మందపు రేకు ఉంటే చెక్క ముందుకు వెళ్ళక ఇరుక్కుంటుంది. అప్పుడు రేకు తీసేసి పనిచేయకండి. సరిపోయే రేకో, సరిపోయే బ్లేడో తీసుకోండి.

4. బ్లేడు మీద రాసిన అంకెలు చదవండి

• సైజు: మెషీన్‌కు ఎంత చెప్పారో అంతే. పెద్దది వేయకూడదు.
• మధ్య రంధ్రం: 25.4 మి.మీ., 30 మి.మీ. రెండూ దొరుకుతాయి. మెషీన్ ఇరుసుకు సరిగ్గా కూర్చోవాలి. తేడా ఉంటే షాపులో దొరికే రింగు వేయాలి. గుడ్డ, రేకు ముక్క చుట్టకూడదు.
• గరిష్ఠ వేగం: బ్లేడు మీద ఉన్న ఆర్‌పీఎం అంకె మెషీన్ వేగం కంటే ఎక్కువ ఉండాలి. అంకె లేని బ్లేడు ఎంత చవకైనా కొనొద్దు.
• టీసీటీ అని ఉంటే పళ్ళకు కార్బైడ్ కొసలు ఉన్నట్టు. ఎక్కువ రోజులు పదును నిలుస్తుంది.

5. గ్రైండర్, మార్బుల్ కట్టర్ సంగతి

చాలాచోట్ల మార్బుల్ కట్టర్‌ను తిరగేసి బల్ల కింద బిగించి టేబుల్ రంపంలా వాడుతున్నారు. యాంగిల్ గ్రైండర్‌కు పళ్ళ బ్లేడు వేస్తున్నారు. ఈ మెషీన్లు నిమిషానికి 11,000 నుంచి 13,000 చుట్లు తిరుగుతాయి. వెనక రేకు ఉండదు, బల్ల కింద బిగిస్తే సరైన మూత ఉండదు. ఏదైనా జరిగితే కింద చెయ్యి పెట్టి ఆపాలి. చిన్న ముక్కను వేళ్ళతో పట్టుకుని ఈ బల్ల మీద కోస్తే వేళ్ళకు కాపలా ఏదీ లేదు. గ్రైండర్‌కు పళ్ళ బ్లేడు అసలు వేయొద్దు.

6. చిన్న ముక్కలు కోసే పద్ధతి

• ముందు పొడవుగా కోయండి, ముక్కలు చివర్లో చేయండి. 300 మి.మీ. కంటే పొట్టి చెక్కను టేబుల్ రంపం మీద నిలువుకోత కోయకండి.
• చెక్క చేపకు పొట్ట కింద తీగ కూర్చునే గాడి కావాలంటే, పొడవు కర్రగా ఉన్నప్పుడే గాడి పెట్టండి. తర్వాత ముక్కలు చేసి, చేతి రంపం, ఉలితో ఆకారం తీయండి.
• బ్లేడును చెక్క కంటే 3 నుంచి 6 మి.మీ. మాత్రమే పైకి ఉంచండి.
• ఇరుకు పట్టీలకు తోసే కర్ర వాడండి. వేలు బ్లేడు దగ్గరికి వెళ్ళకూడదు.
• అడ్డకోతలో ముక్క పక్క గైడుకూ బ్లేడుకూ మధ్య ఇరుక్కోకూడదు. ఇరుక్కుంటే మీ వైపు ఎదురు తన్నుతుంది. కొలత కోసం గైడుకు ఒక దిమ్మ బిగించండి. దిమ్మ బ్లేడు దాకా రాకుండా ముందే ఆగిపోవాలి.
• బల్లలో బ్లేడు చుట్టూ సందు పెద్దగా ఉంటే చిన్న పట్టీలు అందులో పడతాయి. బ్లేడు వెడల్పుకే తెరిచిన చెక్క పలకను అక్కడ వేయండి. అడుగు అంచున పీచు కూడా తగ్గుతుంది.
• చేతి తొడుగులు, వేలాడే తువ్వాలు వద్దు. బ్లేడు మార్చేముందు ప్లగ్ పీకండి.
• చెక్క పొడి క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ గుర్తించింది. ఎన్-95 మాస్కు పెట్టుకోండి.

7. పదును పోయిందని ఎలా తెలుస్తుంది?

చెక్క తోయడానికి ఎక్కువ బలం పడుతుంటే, అంచు మాడుతుంటే, మోటారు మూలుగుతుంటే అనుమానించండి. ముందు బ్లేడు తీసి చూడండి. పళ్ళకు జిగురు అంటి ఉంటే సబ్బు నీళ్ళలో నానబెట్టి పాత టూత్ బ్రష్‌తో రుద్ది, బాగా ఆరబెట్టండి. అప్పటికీ తేడా రాకపోతే పదును పెట్టించండి. ఒక్క కొస ఊడినా, బ్లేడుకు బీట పడినా వాడకండి.

8. బీమా మాట

ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనకు ఏడాదికి 20 రూపాయలు. 18 నుంచి 70 ఏళ్ళ వాళ్ళు బ్యాంకు ఖాతా ద్వారా చేరవచ్చు. ప్రమాదంలో మరణానికి 2 లక్షలు, ఒక చెయ్యి పూర్తిగా పనికిరాకుండా పోతే 1 లక్ష. కానీ ఒక వేలు తెగితే ఇందులో డబ్బు రాదు. వేళ్ళతోనే బతికే మనకు వేలికి బీమా అంటే తోసే కర్ర, వెనక రేకు, సరైన బ్లేడు. అవి తీసేసి పనిచేయకండి.

షాపుకు వెళ్ళేముందు రాసుకోండి

మెషీన్ బ్లేడు సైజు, ఇరుసు మందం, మెషీన్ ఆర్‌పీఎం, వెనక రేకు మందం, మీరు ఎక్కువగా కోసే చెక్క మందం. ఈ ఐదు చెప్పి అడగండి. వీలైతే 24 పళ్ళది ఒకటి, 60 పళ్ళది ఒకటి తీసుకోండి. బిల్లు తప్పకుండా తీసుకుని భద్రపరచండి.

పథకం గురించి సందేహాలుంటే మీ దగ్గరి కామన్ సర్వీస్ సెంటర్‌లో ఆధార్ చూపించి అడగండి. ఈ పాఠాన్ని మీ తోటి పనివాళ్ళకు పంపండి.