సుందరవనాలలో శక్తి ప్రవాహం

భారత్, బంగ్లాదేశ్‌లలో విస్తరించిన సుందరవనాలలో సూర్యరశ్మిని ఆహారంగా మార్చే ప్రధాన ఉత్పాదకులు మడచెట్లు. రాలిన ఆకులను సూక్ష్మజీవులు శిథిలపరుస్తాయి. ఆ శిథిలాలను రొయ్యలు, పీతలు, వాటిని చేపలు, చేపలను కొంగలు, మొసళ్లు ఆహారంగా గ్రహిస్తాయి. ఇదే ఆహారశృంఖల.

అయితే ప్రతి మెట్టులోనూ అధికశక్తి శ్వాసక్రియ ద్వారా ఉష్ణరూపంలో వెలువడిపోతుంది. పై మెట్టుకు చేరేది ఇంచుమించు 10 శాతమే. 1942లో లిండెమన్ ప్రకటించిన వ్యాసం ఈ అవగాహనకు పునాది. స్థూలంగా ఆ లెక్కన 1,000 కిలోల ఆకులు 100 కిలోల రొయ్యలను, అవి 10 కిలోల చేపలను, అవి ఒక్క కిలో కొంగను మాత్రమే పోషించగలవు.

పోషకద్రవ్యాలు మట్టిని చేరి మళ్లీ చెట్టుకు అందుతాయి. వెలువడిన శక్తి మాత్రం తిరిగి రాదు. కనుక ఏ దేశపు ఒడ్డున మడచెట్లు తరిగినా, ఆ నీటిని పంచుకొనే ఉభయ దేశాల జాలరుల జీవనోపాధీ తరుగుతుంది.